చీపురే ప్రవేశ పరీక్ష: ఆత్మకూరు హాస్టల్ నుంచి చూస్తే బుకర్ టి. వాషింగ్టన్

ఆత్మకూరు వైపు సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో చదువుకున్నవాళ్ళకి ఆదివారం పొద్దుటి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మా హాస్టల్లో వాచ్‌మన్ చీపుర్లన్నీ తెచ్చి వరండాలో పడేసేవాడు. గదులు, వరండా, వేపచెట్టు కింది ఆవరణ అందరం ఊడ్చేవాళ్ళం. మరుగుదొడ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎప్పుడూ అవే నాలుగు పేర్లు పిలిచేవాళ్ళు. ఇద్దరు మాదిగ పిల్లలు, ఇద్దరు యానాది పిల్లలు. కులం పేరు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. వాళ్ళయితే బాగా కడుగుతారని మాత్రం అనేవాళ్ళు. ఎవరైనా పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తే, పిల్లలకి శ్రమ విలువ నేర్పుతున్నామని చెప్పేవాళ్ళు.

ఆ నలుగురిలో ఒకడు ఇప్పుడు బెంగళూరులో ఒక పెద్ద ఆఫీసు భవనంలో హౌస్‌కీపింగ్ పని చేస్తున్నాడు. మూడు నెలల నైపుణ్య శిక్షణ తీసుకుని సర్టిఫికెట్‌తో వెళ్ళాడు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు అడిగితే, మాప్ ఎలా పట్టాలో, ఏ రంగు బకెట్ దేనికో, మేనేజర్ ఎదురైతే ఎలా పలకరించాలో నేర్పారని చెప్పాడు. అదే భవనంలో లిఫ్టు, ఏసీ, నీళ్ళ పంపులు, కరెంటు ప్యానెల్ చూసుకునేవాళ్ళు వేరే. వాళ్ళ జీతం వేరే, యూనిఫాం రంగు కూడా వేరే. రెండూ భవన నిర్వహణ పనులే. కడిగే సగం మనవాళ్ళకి వచ్చింది, మరమ్మతు చేసే సగం ఇంకెవరికో పోయింది.

ఆ మాట విన్నప్పటి నుంచి మా మనసులో బుకర్ టి. వాషింగ్టన్ మెదులుతున్నాడు. బానిసగా పుట్టి, విద్యార్థుల చేత ఇటుకలు చేయించి, గోడలు కట్టించి, ఆవరణ చదును చేయించి ఒక విద్యాసంస్థనే నిలబెట్టిన నల్లజాతి నాయకుడు. ఆయన్ని మెచ్చుకున్నవాళ్ళు ఎంతమందో తిట్టినవాళ్ళూ అంతమంది. 1901లో వచ్చిన ఆయన ఆత్మకథ అప్ ఫ్రమ్ స్లేవరీని మేము మొదటిసారి చదివినప్పుడు తిట్టినవాళ్ళ పక్షాన ఉన్నాం. ఇప్పుడు అంత తేలిగ్గా పక్షం చెప్పలేకపోతున్నాం. అందుకే ఆయన కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పుకుందామనిపించింది.

1856లో వర్జీనియా రాష్ట్రం ఫ్రాంక్లిన్ కౌంటీలో, బరోస్ అనే కుటుంబం పొగాకు పండించే కమతంలో పుట్టాడు. తల్లి జేన్ ఆ ఇంటి వంటమనిషి. తండ్రి ఎవరో తెల్లవాడని తప్ప ఆ బిడ్డకి ఇంకేమీ తెలియదు. ఒకే గదిలో వంట, పడక. మట్టి నేల మీద పాత గుడ్డలే పరుపు. యజమాని కూతురి పుస్తకాలు మోసుకుంటూ బడి గుమ్మం దాకా పోవడం, అక్కడి నుంచి వెనక్కి తిరగడం. గుమ్మం దాటి లోపలికి పోవడమంటే స్వర్గంలోకి పోవడమే అనుకునేవాడట.

1865లో బానిసత్వం పోయాక తల్లి పిల్లల్ని తీసుకుని వెస్ట్ వర్జీనియాలోని మాల్డెన్‌కి చేరింది. అక్కడ ఉప్పు కాచే బట్టీల్లో సవతి తండ్రితో పాటు పిల్లవాడూ పనికి దిగాడు. ఉప్పు పీపాల మీద వాళ్ళ వంతుకు వేసే గుర్తు 18. ఆయన మొట్టమొదట గుర్తుపట్టిన రాత ఆ అంకె. తర్వాత బొగ్గు గని. ఎలాగో బడిలో చేరితే, హాజరు పిలిచేటప్పుడు అందరికీ రెండేసి పేర్లున్నాయి, తనకి ఒక్కటే ఉంది. అప్పటికప్పుడు తనకు తానే వాషింగ్టన్ అని ఇంటిపేరు తగిలించుకున్నాడు. బడిలో చేర్చుకునే రోజు అయ్యవారికి తోచిన పేరే బతుకంతా మోసిన తాతలు మన వాడల్లో ఇప్పటికీ ఉన్నారు. ఈ పిల్లవాడు ఆ పని ఇంకొకరికి వదల్లేదు.

గని బాధ తప్పించుకోవడానికి గని యజమాని ఇంట్లో పనికి కుదిరాడు. నెలకి 5 డాలర్లు, అదీ తల్లి చేతికే. యజమానురాలు వయోలా రఫ్నర్ ఉత్తరాది మనిషి, మహా కచ్చితం. ఆమె దగ్గర ఏ పనివాడూ నాలుగు రోజులు నిలవలేదని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. ఈయన నిలిచాడు. కంచెకి ఊడిన పలక, దొడ్లో పడి ఉన్న కాగితం, గుండీ తెగిన చొక్కా ఆమె కంటపడకుండా పోవు. అవన్నీ ఆయన కళ్ళకీ కనబడటం మొదలైంది, చచ్చేదాకా కనబడుతూనే ఉన్నాయి.

1872లో, పదహారేళ్ళ వయసులో, నల్లవాళ్ళ కోసం హాంప్టన్‌లో ఒక బడి ఉందని విని బయల్దేరాడు. దాదాపు 800 కిలోమీటర్ల దూరం. డబ్బులు దారిలోనే అయిపోయాయి. రిచ్‌మండ్ నగరంలో చెక్క ఫుట్‌పాత్ కింద దూరి పడుకున్నాడు, పగలు ఓడలో సరుకు దించి తిండికి సంపాదించుకున్నాడు. హాంప్టన్ చేరేసరికి జేబులో 50 సెంట్లు, ఒంటి మీద మాసిన బట్టలు. ప్రధాన ఉపాధ్యాయిని మేరీ మాకీ చేర్చుకుంటాననీ అనలేదు, పొమ్మనీ అనలేదు. గంటలు గడిచాక పక్క తరగతి గది ఊడవమంది.

ఆయన మూడుసార్లు ఊడ్చాడు. నాలుగుసార్లు దుమ్ము తుడిచాడు. బల్లలు జరిపి, బీరువాల మూలలు వెతికి మరీ తుడిచాడు. ఆమె చేతి రుమాలు తీసి గోడల చెక్కకి, బల్లలకి రుద్ది చూసింది. మరక అంటలేదు. చేర్చుకుంది. జానిటర్ పని కూడా ఇచ్చింది. గదులు చూసుకోవడం, తెల్లవారకముందే లేచి పొయ్యిలు రాజేయడం. తిండి ఖర్చు చాలావరకు దాంతోనే తీరేది.

మేము మొదటిసారి పుస్తకం మూసేసింది ఇక్కడే. వందల ఏళ్ళుగా చీపురే చేతికిచ్చిన జాతి పిల్లవాణ్ణి ఆ చీపురుతోనే పరీక్షించడం, ఆ పిల్లవాడు దానికి మురిసిపోవడం మాకు మింగుడు పడలేదు. రెండోసారి చదివినప్పుడు కొన్ని పేజీల తర్వాత ఇంకో సంగతి కంటపడింది. ఒక ఏడాది బడి తెరవడానికి రెండు వారాల ముందే మాకీ ఆయన్ని పిలిపించింది. ఆ రెండు వారాలూ ఆమె ఆయన పక్కనే నిలబడి కిటికీ అద్దాలు కడిగింది, గదులు దులిపింది, పరుపులు సర్దింది. మంచి చదువు, పాత వంశం ఉన్న తెల్ల స్త్రీ. తన చేత్తో అద్దం తుడవనిదే బడి సిద్ధమైనట్టు ఆమెకి తోచేది కాదు. ఆ రెండు వారాలే తనకి హాంప్టన్‌లో దొరికిన పెద్ద పాఠాల్లో ఒకటని వాషింగ్టన్ రాసుకున్నాడు. మా హాస్టల్లో ఎనిమిదేళ్ళున్నాం. బ్రష్ పట్టిన వార్డెన్‌ని ఒక్కరోజూ చూడలేదు.

1875లో చదువు ముగించి, కొన్నాళ్ళు మాల్డెన్‌లో, తర్వాత హాంప్టన్‌లోనే పాఠాలు చెప్పాడు. 1881లో అలబామా రాష్ట్రంలోని టస్కీగీ ఊరి నుంచి కబురొచ్చింది. ఆ కబురు వెనక లూయిస్ ఆడమ్స్ ఉన్నాడు. మనవాళ్ళు గుర్తు పెట్టుకోవాల్సిన మనిషి. మాజీ బానిస. రేకు పని, గుర్రపు జీను పని, చెప్పుల పని చేసేవాడు, అవన్నీ బానిసగా ఉండగా నేర్చినవే. ఎన్నికల్లో నల్లవాళ్ళ ఓట్లు కావాలని తెల్ల అభ్యర్థి ఒకడు ఆయన దగ్గరికొస్తే, డబ్బు అడగలేదు, కొలువు అడగలేదు. మా పిల్లలకి బడి కావాలన్నాడు. అభ్యర్థి గెలిచాడు, శాసనసభ ఏటా 2,000 డాలర్లు మంజూరు చేసింది. అవి జీతాలకి మాత్రమే. స్థలం లేదు, ఇల్లు లేదు. తోలు పని చేసిన చెయ్యి ఓటుతో బేరమాడి తెచ్చిన బడి అది. తర్వాతి రోజుల్లో రాజకీయం మాట్లాడవద్దని వాషింగ్టన్ చెప్పినప్పుడల్లా మాకు ఆడమ్సే గుర్తొస్తాడు.

1881 జూలై 4న ముప్పై మందితో బడి మొదలైంది, చర్చి పక్కన ఒక పాకలో. వాన పడితే ఒక విద్యార్థి పాఠం ఆపి అయ్యవారికి గొడుగు పట్టేవాడు. అప్పు తెచ్చి, 500 డాలర్లకి వంద ఎకరాల పాడుబడ్డ తోట ఖరీదు చేశారు. యజమాని బంగళా ఎప్పుడో తగలబడిపోయింది. మిగిలినవి వంటిల్లు, భోజనపు గది, గుర్రపుశాల, కోళ్ళగూడు. గుర్రపుశాలా కోళ్ళగూడూ కడిగి తరగతులు పెట్టారు. ఆ శుభ్రం చేసే పనంతా సాయంత్రాలు విద్యార్థులే చేశారు.

తర్వాత పొదలు కొట్టి నేల చదును చేయాలన్నాడు. విద్యార్థులు మొహం చిట్లించారు. వాళ్ళలో చాలామంది అప్పటికే బడిపంతుళ్ళు. మేము చదువుకోడానికి వచ్చాం, పలుగూ పారా పట్టడానికి కాదన్నారు. తల్లిదండ్రులు కూడా మా పిల్లలకి పుస్తకం చెప్పండి చాలని ఉత్తరాలు రాశారు. వాషింగ్టన్ వాదన పెట్టుకోలేదు. రోజూ మధ్యాహ్నం గొడ్డలి భుజాన వేసుకుని తనే ముందు నడిచాడు. కొన్నాళ్ళకి ఇరవై ఎకరాలు చదునయ్యాయి.

ఆ తల్లిదండ్రుల మాట మాకు తప్పనిపించదు. మా నాన్న ఎండాకాలం ఇటుకల బట్టీకి పోయేవాడు. సెలవుల్లో వెంట వస్తామంటే కొట్టినంత పని చేసేవాడు. ఆ మట్టి మీ ఒంటికి అంటకూడదనే మిమ్మల్ని హాస్టల్లో వేసిందనేవాడు. టస్కీగీ తండ్రులు అడిగిందీ అదే.

ఇటుకల కథ ఇంకా కష్టం. ఊళ్ళో ఎక్కడా ఇటుక దొరకదు, బడికి భవనం కావాలి. మోకాటి లోతు బురదలో దిగి మట్టి తొక్కాలి. అందరికంటే ఎక్కువమంది తప్పించుకున్న పని ఇదే, ఇటుక కోసమే కొందరు బడి మానేశారు. మొదటి బట్టీ పాతిక వేల ఇటుకలతో పేర్చి కాలిస్తే చెడిపోయింది. రెండోదీ అంతే. మూడోది కాలడం పూర్తి కావస్తుండగా అర్ధరాత్రి కూలిపోయింది. చేతిలో దమ్మిడీ లేదు. అయ్యవార్లు వదిలేయమన్నారు. వాషింగ్టన్ మాంట్‌గోమరీ వెళ్ళి తన గడియారం 15 డాలర్లకి కుదువ పెట్టి నాలుగో బట్టీ వేయించాడు. అది నిలిచింది. గడియారాన్ని మాత్రం గడువులోపు విడిపించుకోలేకపోయాడు.

ఇరవయ్యేళ్ళు తిరిగేసరికి విద్యార్థులు ఒక్క సీజన్‌లో 12 లక్షల ఇటుకలు చేస్తున్నారు. అప్పటికున్న నలభై భవనాల్లో నాలుగు తప్ప మిగతావన్నీ వాళ్ళు కట్టినవే. చుట్టుపక్కల తెల్లవాళ్ళు, ఈ బడంటే గిట్టనివాళ్ళు కూడా, ఇటుక బాగుందని బండ్లు కట్టుకుని వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు. సరుకు మంచిదైతే రంగు అడ్డురాదని వాషింగ్టన్ దీన్ని జీవితాంతం ఉదాహరణగా చెప్పుకున్నాడు. మనకి తెలుసు కదా, మాదిగ కుట్టిన చెప్పు ఊరంతా తొడిగింది, మాల నేసిన గుడ్డ ఊరంతా కట్టింది. అంటు పోయిందా మరి?

పనివాడి దగ్గర మొదలుపెట్టి పనిలోని పై మెట్టు దాకా వెళ్ళడం టస్కీగీలో ఉంది. 1892లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నుంచి ఆర్కిటెక్చర్ పట్టా పుచ్చుకున్న రాబర్ట్ టేలర్ ఇక్కడికి వచ్చి చేరాడు. అక్కడ పట్టా తీసుకున్న మొదటి నల్లవాడు ఆయనే. ప్లాన్ ఆయన గీసేవాడు, గోడ విద్యార్థులు లేపేవాళ్ళు, విద్యార్థులకి ప్లాన్ గీయడం కూడా నేర్పేవాడు. వడ్రంగం, రేకు పని, గొట్టాల పని, కరెంటు పని అన్నీ శాఖలుగా ఏర్పడ్డాయి. డేవిడ్ విల్లిస్టన్ అనే నల్లజాతి ఉద్యానశిల్పి ఆవరణ చూశాడు. ఆవరణ అంటే ఆకులు ఊడవడం ఒక్కటే కాదు. వాన నీళ్ళు ఎటు పోవాలి, బాట ఎక్కడ పడాలి, ఏ చెట్టు ఏ గోడకి దూరంగా నాటాలి, అదంతా చదువే. ఫీజు కట్టలేని పిల్లలకి 1884 నుంచి రాత్రి బడి నడిచింది. పగలు పది గంటలు పని, రాత్రి రెండు గంటలు చదువు. పనికి కట్టిన కూలి వాళ్ళ పేరున జమయ్యేది, ఏడాదో రెండేళ్ళో అయ్యాక దాంతో పగటి బడిలో చేరేవాళ్ళు. పది గంటల పని తర్వాత ఎంత చదువు తలకెక్కుతుందో బట్టీ నుంచి వచ్చి హోంవర్క్ చేసినవాళ్ళని అడగాలి. అయినా పనికి లెక్క ఉండేది, ఆ లెక్క పిల్లవాడి పేరు మీదే ఉండేది.

మన నెల్లూరు జిల్లాలో దీనికి కాస్త దగ్గరగా వచ్చేది ఒంగోలు క్లో దొర సంగతి. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లో బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. వేరే శిబిరాల్లో మేస్త్రీలు మాదిగల్ని తిట్టి కొట్టి కూలి ఎగ్గొట్టేవాళ్ళు కాబట్టి, తన దగ్గర మాదిగ బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. కాలువ తవ్వకం కొత్త కాదు, తట్ట మోయడం కొత్త కాదు. కొలత టేపు, హాజరు పట్టీ మాదిగ చేతిలోకి రావడం కొత్త. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేలోపు అదే మిషన్ ఉదయగిరికీ ఆత్మకూరుకీ వచ్చింది, బళ్ళు వచ్చాయి. కాలువ పని మాత్రం కరువుతోనే ఆగింది. అదొక చదువుగా మారలేదు.

1895 సెప్టెంబర్ 18న అట్లాంటా ప్రదర్శనలో వాషింగ్టన్ చేసిన ప్రసంగం ఆయన్ని దేశమంతటికీ నాయకుణ్ణి చేసింది. దాని సారం ఏమిటంటే, సామాజిక సమానత్వం కోసం ఇప్పుడే పట్టుబట్టం, పని నేర్చుకుంటాం, మాకు పని ఇవ్వండి, మిగతాది కాలం చూసుకుంటుంది. తెల్లవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కార్నెగీ లాంటి కోటీశ్వరులు డబ్బు కుమ్మరించారు. వాళ్ళు ఎందుకు కుమ్మరించారో ఊహించడం కష్టం కాదు. హక్కు అడగని మంచి పనివాడు ఎవరికి చేదు?

కాలం ఏమీ చూసుకోలేదు. 1901లో అలబామా కొత్త రాజ్యాంగం రాసుకుని నల్లవాళ్ళ ఓటు దాదాపు ఊడబెరికింది, టస్కీగీ ఉన్న రాష్ట్రంలోనే. అదే ఏడాది అక్టోబర్ 16న అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వాషింగ్టన్‌ని భోజనానికి పిలిస్తే దక్షిణాది పత్రికలు బూతులకి దిగాయి. సహపంక్తి భోజనం మీద రేగే గొడవలు మనకి కొత్త కాదు. ఎంత మంచి ఇటుక చేసినా పక్కన కూర్చుని తినడానికి మాత్రం పనికిరాడన్నమాట. 1903లో డబ్ల్యూ. ఇ. బి. డుబాయిస్ తన పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఆయన్ని నిలదీశాడు. ఓటు లేనివాడు తన బట్టీని, తన ఇంటిని ఎలా కాపాడుకుంటాడన్నది ఒక ప్రశ్న. పై చదువు వద్దంటే టస్కీగీకి అయ్యవార్లు ఎక్కణ్ణుంచి వస్తారన్నది ఇంకొకటి. రెండో ప్రశ్నకి రాబర్ట్ టేలరే సాక్ష్యం. కాలేజీలు లేకపోతే ఆయన లేడు, ఆయన లేకపోతే టస్కీగీ భవనాలు లేవు.

ఇంకో ముఖం చాలా ఏళ్ళ తర్వాత ఆయన కాగితాల్లో బయటపడింది. బయట సర్దుకుపోదామని చెబుతూనే, లోపల ఓటు హక్కు కేసులకి రహస్యంగా డబ్బు పంపాడు. అలబామా ఓటర్ల జాబితా మీద జాక్సన్ గైల్స్ అనే నల్లవాడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు వెనక ఆయనే ఉన్నాడు. 1903లో ఆ కేసు ఓడిపోయింది. రహస్యంగా చేశాడు కాబట్టి జనాన్ని కూడగట్టలేకపోయాడు. మెత్తగా మాట్లాడి దొంగచాటుగా పోరాడే మనుషుల్ని మన ఊళ్ళలోనూ చూస్తుంటాం. వాళ్ళని పిరికివాళ్ళనడానికి మాకు నోరు రాదు, నాయకులనడానికీ రాదు.

చివరి ఏళ్ళలో చేసిన ఒక పని మాత్రం మాకు ఏ సందేహం లేకుండా నచ్చుతుంది. జూలియస్ రోజెన్‌వాల్డ్ అనే వ్యాపారి డబ్బుతో పల్లెల్లో నల్లపిల్లలకి బళ్ళు కట్టించడం మొదలుపెట్టాడు. ప్లాన్లు టేలర్, ఆయన సహచరులు గీశారు. వెలుతురు ఏ వైపు నుంచి రావాలో, కిటికీ ఎంత ఎత్తులో ఉండాలో అందులోనే ఉండేది. ఊరి జనం కొంత డబ్బు, కొంత కలప, కొంత కష్టం వేసుకున్నారు. ఆయన పోయాక కూడా ఆ పని సాగి, 1932 నాటికి 15 రాష్ట్రాల్లో దాదాపు 5 వేల బళ్ళు లేచాయి.

1915 నవంబర్‌లో న్యూయార్క్‌లో ఉండగా జబ్బు ముదిరింది. బతకడు, ప్రయాణం వద్దని డాక్టర్లన్నారు. దక్షిణాదిలో పుట్టాను, అక్కడే పోతానని రైలెక్కాడు. టస్కీగీ చేరిన కొన్ని గంటలకే, నవంబర్ 14న కన్నుమూశాడు. ఆ రోజుల్లోనే, అదే న్యూయార్క్‌లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇరవై నాలుగేళ్ళ భీమ్‌రావ్ అంబేద్కర్ చదువుకుంటున్నాడు. తర్వాత ఆయన పట్టుకున్న దారి డుబాయిస్‌కి దగ్గర. 1946లో డుబాయిస్‌కి ఉత్తరం కూడా రాశాడు. కుల చాకిరీ వదిలేయమని తన జనానికి చెప్పిన అంబేద్కరే, 1942లో ప్రభుత్వానికి ఇచ్చిన వినతిపత్రంలో షెడ్యూల్డ్ కులాల యువకులకి సాంకేతిక శిక్షణ కావాలని అడిగాడు. ఊడ్చే పని వదలమన్నాడు, యంత్రం పని ఇవ్వమన్నాడు. మా స్నేహితుడు బెంగళూరు భవనంలో చూస్తున్న రెండు యూనిఫాం రంగుల మధ్య గీత సరిగ్గా అక్కడే ఉంది.

వాడు ఈ మధ్య ఫోన్ చేశాడు. సూపర్‌వైజర్‌ని బతిమాలి, రాత్రి షిఫ్టులో పంపు హౌస్ కుర్రాడి పక్కన నిలబడి చూస్తున్నాడట. మోటార్ స్టార్టర్ విప్పి బిగించడం వచ్చేసిందన్నాడు. దానికి సర్టిఫికెట్ ఎవరిస్తారని అడిగాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ సీటు గురించి కనుక్కుని చెబుతామన్నాం.

వాషింగ్టన్‌ని టస్కీగీ ఆవరణలోనే పాతిపెట్టారు. సమాధి ఇటుకలతో కట్టింది. ఆ ఇటుకలు విద్యార్థులు చేసినవే.